వెనక తలుపు తాళం

స్నానాల గది తలుపుకు నజీమా గడియ పెట్టుకోవడం మానేసి మూడేళ్ళు దాటింది. తలుపు దగ్గరగా వేసి, దానికి అడ్డంగా నీళ్ళ బకెట్టు పెట్టుకునేది. "ఇంట్లో ఉన్నది మనిద్దరమేగా, ఎవరొస్తారని ఈ బకెట్టు?" అని మొదట్లో నవ్విన భర్త తారిక్ తర్వాత్తర్వాత నవ్వడం మానేశాడు. విజయవాడ వన్ టౌన్‌లో అతనికి హోల్‌సేల్ స్టేషనరీ దుకాణం ఉంది. ఇల్లు దాని పైనే. కింద చేతిబళ్ళు, ఆటో హారన్లు, హమాలీల కేకలు. అంత గోలలోనూ ఆమెకు ఒక చప్పుడు విడిగా వినబడేది. ఇనుప తలుపును అరచేత్తో బాదినట్టు మూడు దెబ్బలు, కాస్త ఆగి మరో రెండు. తారిక్ ఒకసారి ప్లంబర్ని పిలిపించి పైపులన్నీ చూపించాడు. గోడలో ఏమీ లేదన్నాడు ప్లంబరు. ఏమీ లేదని నజీమాకూ తెలుసు.

ఆమె పనిచేసేది ఒక చిన్న కన్సల్టెన్సీలో. ఫ్యాక్టరీలకూ గోడౌన్లకూ కోల్డ్ స్టోరేజీలకూ వెళ్ళి, ఎక్కడ నిప్పంటుకోవచ్చో, ఎక్కడ గ్యాసు లీకవ్వచ్చో, ఏ గోడ దూకి దొంగలు రావచ్చో చూసి రిపోర్టు రాయడం ఆమె ఉద్యోగం. కనబడిన ప్రతి ముప్పుకూ ఒక నంబరు వేస్తుంది. పక్కన హై, మీడియం, లో అని ఏదో ఒకటి రాస్తుంది. పదకొండేళ్ళుగా అదే పని. నజీమా రిపోర్టు ఇస్తే ఒక్క అక్షరం దిద్దక్కర్లేదని మేనేజరు జయపాల్ అందరితో చెబుతుంటాడు.

మూడున్నరేళ్ళ కిందట సముద్రం దగ్గరి ఒక రొయ్యల ప్లాంటు నుంచి పిలుపొచ్చింది. శుభ్రం చేసిన రొయ్యలు పెట్టెలకు పెట్టెలు మాయమవుతున్నాయని యజమాని గోల. నజీమా రెండు రోజులు తిరిగి చూసింది. సరుకు పోతున్నది వెనక తలుపులోంచేనని తేల్చింది. రిపోర్టులో ఏడో అంశంగా ఇలా రాసింది: 'వెనక తలుపుకు తాళం వేసి, తాళంచెవిని మెయిన్ గేటు వద్ద సెక్యూరిటీ గదిలో ఉంచవలెను. ప్రాధాన్యం: హై.' దాని కిందే ఎనిమిదో అంశం: 'తాళానికి బదులుగా, బయటినుంచి తెరుచుకోకుండా, లోపలినుంచి నెడితే మాత్రమే తెరుచుకునే కడ్డీ తలుపు అమర్చవలెను. ప్రాధాన్యం: మీడియం.'

తాళంకప్ప ఆ సాయంత్రమే కొనుక్కొచ్చారు. కడ్డీ తలుపు సంగతి తర్వాత చూద్దామనుకున్నారు.

నాలుగు నెలలకు ఒక మధ్యాహ్నం ఆ ప్లాంటులో అమోనియా లీకయింది. రొయ్యలను గడ్డకట్టించే గదులు చల్లబడేది ఆ గ్యాసుతోనే. ఎక్కువగా పీలిస్తే ఊపిరితిత్తులు కాలిపోతాయి. పంతొమ్మిది మంది ముందు గుమ్మంలోంచి బయటపడ్డారు. చివరి బల్ల దగ్గర పనిచేసే ఒకామె మాత్రం తనకు దగ్గరగా ఉన్న వెనక తలుపు వైపు పరిగెత్తింది. ఆమె పేరు పేరమ్మ అని నజీమా మర్నాడు పేపర్లో చదివింది.

విచారణకు వచ్చిన అధికారులు రిపోర్టు తెప్పించుకున్నారు. ఏడూ చదివారు, ఎనిమిదీ చదివారు. కన్సల్టెంటు తప్పేమీ లేదని రాసుకుని వెళ్ళిపోయారు. "చూశావా నజీమా, నీ ఎనిమిదో పాయింటే మనల్ని కాపాడింది," అన్నాడు జయపాల్. ఆ వారంలోనే ఇంట్లో చప్పుడు మొదలైంది.

అప్పట్నుంచి రొయ్యల ప్లాంట్లకు తను వెళ్ళనని చెబుతూ వచ్చింది. ఈ ఏడాది వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో మాత్రం తప్పించుకోలేకపోయింది. చల్లపల్లి దాటాక ఉన్న ఒక ప్లాంటుకు విదేశీ కొనుగోలుదారులు రాబోతున్నారు. ఈలోపు రిపోర్టు కావాలి. వెళ్ళడానికి ఆఫీసులో మరో మనిషి లేడు.

కారు చల్లపల్లి దాటేసరికి పదిన్నరయింది. రోడ్డుకు ఒక పక్క పొట్టకొచ్చిన వరి, ఇంకో పక్క రొయ్యల చెరువులు. చెరువుల్లో ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతూ గిరగిరా తిరుగుతున్నాయి. ప్లాంటు మేనేజరు హేమసుందర్ గేటు దాకా వచ్చి తీసుకెళ్ళాడు. ముప్పయ్యేళ్ళవాడు, మాట మంచివాడు. ఆఫీసు గదిలో కొబ్బరినీళ్ళు తెప్పించి ఇచ్చాడు.

"ఫైర్ పర్మిషన్ ఉంది మేడమ్, గ్యాస్ డిటెక్టర్లున్నాయి, డ్రిల్స్ కూడా చేయిస్తున్నాం. మాకున్న రిస్కల్లా ఒక్కటే. వెనక తలుపు దగ్గర వాచ్‌మన్ కాశీరావు," అన్నాడు.

"ఏం చేశాడు?"

"తలుపుకు తాళం వేయనివ్వడండీ. షిఫ్టు ఎక్కినప్పట్నుంచి దిగేదాకా అక్కడే స్టూలేసుకుని కూర్చుంటాడు. అన్నం కూడా అక్కడే. అది సరే అనుకుంటే, ఏదో చప్పుడు వినబడిందంటాడు, అందరినీ బయటికి తరిమేస్తాడు. ఈ నెల్లోనే మూడుసార్లు. అరగంట పని పోతుంది, బల్లల మీద రొయ్యలు మెత్తబడిపోతాయి. డిటెక్టర్లో చూస్తే సున్నా."

"పన్లోంచి తీసేయొచ్చుగా?"

"రెండుసార్లు తీసేశానండీ. ఆయన తలుపు దగ్గర లేకపోతే మేం లోపలికి రామని ఆడవాళ్ళు బయటే కూర్చున్నారు. ఆయన భార్య ఇలాంటి ప్లాంటులోనే పోయిందిలెండి. పేరమ్మ అని. ఆవిడే తలుపు కొట్టి హెచ్చరిస్తుందని వీళ్ళ నమ్మకం. మీరు ఆయన్ని సెక్యూరిటీ రిస్క్ అని రిపోర్టులో రాశారనుకోండి, మిగతాది మా ఎండీ గారు చూసుకుంటారు."

నజీమా గమ్‌బూట్లు తొడుక్కుంటోంది. ఒక బూటు కాలికి ఎక్కింది. రెండోది చేతిలోనే ఉండిపోయింది.

"ఏమైందండీ? సైజు సరిపోలేదా?" అన్నాడు హేమసుందర్.

"సరిపోయింది," అంది.

హాల్లో అరవై మంది ఆడవాళ్ళు స్టీలు బల్లల ముందు నిలబడి రొయ్యల తలలు గిల్లుతున్నారు. తెల్ల కోట్లు, నెత్తిన టోపీలు, ముక్కులకు గుడ్డలు. కళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు. నేలంతా ఐసు నీళ్ళు. ఆమె ప్రతి బల్లా దాటుతున్నప్పుడు ఆ కళ్ళు పైకి లేచి మళ్ళీ కిందికి దిగుతున్నాయి. చివరి బల్ల దగ్గర ఆమె ఆగింది. అక్కణ్ణుంచి వెనక తలుపు ఎనిమిది అడుగుల దూరం. కొలవకుండానే తెలిసిపోయింది. పాత ప్లాంటులోనూ అంతే.

తలుపు జానెడు తెరిచి ఉంది. బయట స్టూలు మీద ఖాకీ చొక్కా మనిషి ఒక చెయ్యి తలుపు మీద ఆనించి కూర్చుని ఉన్నాడు. యాభై అయిదు దాటి ఉంటాయి. దివిసీమ చివర చేపల వేట మీద బతికే ఊరు అతనిది. ఎండకు కమిలిన మొహం, బక్కపలచని చేతులు. నజీమాను చూసి లేచి నిలబడ్డాడు. ఆమె మొహంకేసి చూడవలసినదానికన్నా కాస్త ఎక్కువసేపే చూశాడు.

"ఆఫీసు వాళ్ళు, కాశీరావు. మేడమ్ అడిగినవాటికి సరిగ్గా చెప్పు," అని హేమసుందర్ ఫోను రావడంతో పక్కకు వెళ్ళాడు.

అడగవలసిన ప్రశ్నలు నజీమా చేతిలోని కాగితం మీద అచ్చయి ఉన్నాయి. షిఫ్టు ఎన్ని గంటలు, తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది, ఎవరెవరు ఈ దారిన వస్తారు. మొదటి ప్రశ్నకు నోరు తెరిచింది.

ఠంగ్. ఠంగ్. ఠంగ్. కాస్త ఆగి, ఠంగ్, ఠంగ్.

ఆమె ముందు చేసిన పని, చుట్టూ చూడటం. ఇంట్లో అలవాటైపోయింది. ఆ చప్పుడు ఇంకెవరైనా విన్నారా అని తారిక్ మొహంలోకి చూసినట్టే ఇక్కడా చూసింది. కాశీరావు ఆమెనే చూస్తున్నాడు.

"మీకూ వినబడిందా?" అన్నాడు.

మూడేళ్ళలో ఆ మాట ఆమెను అడిగిన మొదటి మనిషి అతను. నజీమా తలూపింది.

ఆ తలూపడం కోసమే ఆగినట్టు కాశీరావు తలుపు బార్లా తీసి లోపలికి అరిచాడు. "లెగండి! బయటికొచ్చేయండి! రొయ్యలొదిలేయండి, రండి!" ఆడవాళ్ళు ఒక్క ప్రశ్న అడగలేదు. చేతుల్లోవి బల్లల మీద పడేసి బిలబిలా వెనక తలుపులోంచి వచ్చేశారు. ప్రతి ఒక్కరూ గడప దాటుతుంటే కాశీరావు పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. అరవయ్యో మనిషి బయటికి వచ్చాక గానీ ఊపిరి వదల్లేదు.

హేమసుందర్ పరుగున వచ్చాడు. "చూశారా మేడమ్? ఇదీ వరస! వచ్చి డిటెక్టర్ ప్యానెల్ చూడండి, సున్నా ఉంటుంది."

"సున్నా అయితే మీరే లోపలికెళ్ళి కూచోండి సార్," అంది గుంపులోంచి శాలిని అనే అమ్మాయి. ఎవరూ నవ్వలేదు.

ప్యానెల్ మీద నిజంగానే సున్నా ఉంది. మరో రోజయితే నజీమా ఆ అంకెను కాగితంలో ఎక్కించుకుని ముందుకు సాగేది. ఇవాళ మాస్కు తగిలించుకుని, నిచ్చెన తెప్పించుకుని, ఒంటరిగా హాల్లోకి వెళ్ళింది. పైకప్పు కింద ఉన్న డిటెక్టరు దాకా ఎక్కి చూస్తే దానికి పాలిథిన్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు వేసి ఉంది. నిచ్చెన మీంచే వెనక గోడ వైపు చూసింది. గడ్డకట్టించే గదిలోంచి వచ్చిన లావుపాటి పైపు, తలుపు పక్కనే గోడలోకి దూరుతోంది. దాన్ని పట్టి ఉంచే ఇనుప బిగింపు ఒకటి విరిగి వేలాడుతోంది. పైపు తగిలి తగిలి గోడ గచ్చు పెచ్చులూడి ఉంది. నిచ్చెన అటు జరిపి, అమోనియా తగిలితే నీలమయ్యే ఎర్ర లిట్మస్ కాగితం తడిపి పైపు అతుకు దగ్గర పెట్టింది. కాగితం అంచునుంచి మెల్లగా నీలం పాకింది.

దిగివచ్చి ఆ కాగితం హేమసుందర్ చేతిలో పెట్టింది.

"డిటెక్టరుకు సంచి ఎవరు తొడిగారు?"

"కడిగేటప్పుడు నీళ్ళు పడి ఊరికే మోగుతోందని..." అన్నాడు హేమసుందర్.

"పైపుల మీద పేరుకున్న మంచు కరిగించాక వాల్వు ఒక్కసారిగా తెరుస్తున్నారు. పైపులో నిలిచిపోయిన అమోనియా సుత్తిలాగా కొడుతోంది. ఆ దెబ్బకే బిగింపు విరిగింది, అతుకు చీలుతోంది. ఇప్పటికి కొద్దిగానే వస్తోంది. ఇంకెన్ని దెబ్బలకు ఊడుతుందో నేను చెప్పలేను. ప్లాంటు ఇవాళే ఆపండి."

"శుక్రవారం కంటెయినర్ పోవాలి మేడమ్."

"మీరు ఆపకపోతే ఇక్కడే నిలబడి ఫ్యాక్టరీల శాఖకు ఫోన్ చేస్తాను."

హేమసుందర్ నీలంగా మారిన కాగితాన్ని, బయట గోడనీడన కూర్చున్న ఆడవాళ్ళను మార్చి మార్చి చూశాడు. టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. మెషీన్ ఆపరేటర్ని కేకేశాడు.

తిరుగు ప్రయాణంలో ఆమెకు కాస్త తేలిగ్గా ఉండాల్సింది. చప్పుడుకు కారణం దొరికింది. దయ్యం కాదు, పైపు. కానీ వన్ టౌన్‌లో ఆమె ఇంటి గోడలో ఏ పైపు ఉంది? మూడు, ఆగి రెండు, అదే వరస అక్కడికెలా వచ్చింది? ఆ రాత్రి తారిక్‌కు ప్లాంటు సంగతంతా చెప్పింది గానీ, కాశీరావు ఎవరో చెప్పలేకపోయింది.

తొమ్మిదో రోజున మరమ్మతులు సరిచూడటానికి మళ్ళీ వెళ్ళింది. కొత్త పైపు, కొత్త బిగింపులు. డిటెక్టరుకు నీళ్ళు తగలకుండా రేకు గొడుగు. వెనక తలుపు మార్చేశారు. లోపలినుంచి నడుముతో తోసినా చాలు, తెరుచుకుంటుంది. నజీమా పదిసార్లు తోసి చూసింది. బయట కాశీరావు అదే చోట, అదే స్టూలు మీద ఉన్నాడు.

"ఇక మీరు ఇక్కడ కాపలా ఉండక్కర్లేదు కాశీరావు గారూ. దానంతటదే తెరుచుకుంటుంది."

"తెరుచుకుంటదిలెండి," అన్నాడు. లేవలేదు.

ఆమె అతని పక్కనే మెట్టు మీద కూర్చుంది. ఇంటి దగ్గర అద్దం ముందు చాలాసార్లు అనుకున్న మాటలు, నోట్లోకి వచ్చేసరికి ముక్కలుగా వచ్చాయి. "పాత ప్లాంటులో... వెనక తలుపుకు తాళం వేయమని రిపోర్టు రాసింది నేనేనండీ."

"మొదటిరోజే గుర్తుపట్టానమ్మా," అన్నాడు కాశీరావు. "అక్కడ మీకు గేటు తీసింది నేనే. తెల్ల హెల్మెట్టు పెట్టుకుని కారు దిగారు. ఆడమనిషి అయ్యుండి ఎంత ధైర్యంగా తిరుగుతుందో చూడయ్యా అంది పేరమ్మ."

నజీమా మోకాళ్ళ మీద చేతులు బిగించింది.

"మీరు రాశారు. తాళం వేసింది నేను," అన్నాడు. "చెవి నా గదిలో మేక్కి వేలాడేది. ఆ రోజు తలుపు కొట్టిన చప్పుడు నాకు వినబడింది. ఆ ప్లాంటులోనూ పైపులు కొట్టుకునేవమ్మా, రోజుకు రెండు మూడుసార్లు. పైపేలే అనుకున్నా. బీడీ ముట్టించుకున్నా. ఆ బీడీ అయిపోయేదాకా కొట్టింది."

లోపల ఎవరో నీళ్ళగొట్టంతో బల్లలు కడుగుతున్నారు. ఆ నీళ్ళు గడప కింది కాలువలోంచి వాళ్ళ కాళ్ళ పక్కగా పారుతున్నాయి.

"ఇప్పుడు పైపు బాగుచేశారు. ఇక చప్పుడు రాదంటున్నాడు మేనేజరు గారు," అన్నాడు కాశీరావు. "వస్తే మటుకు, ఇక అది పేరమ్మే. నేనెక్కడికి పోతాను చెప్పండి?"

"నన్నేమైనా అనండి కాశీరావు గారూ. తిట్టండి."

"తిడితే మీరు తేలికపడి ఇంటికెళ్ళిపోతారు." అతని గొంతులో కోపం లేదు. అందువల్లే ఆమె తలెత్తలేకపోయింది. "ఒకటి చెప్పండి. ఆ మాట ఇంకా ఎన్నిచోట్ల రాశారు?"

ఆమె ఎన్నడూ లెక్కపెట్టలేదు. మూడేళ్ళుగా ఆమెను వెంటాడింది ఒకే ఒక్క తలుపు. మిగతా తలుపులు ఉన్నాయన్న ఆలోచనే రాలేదు.

భోజనాల గంట మోగింది. ఆడవాళ్ళు క్యారేజీలు పట్టుకుని రేకుల షెడ్డు వైపు వెళ్తున్నారు. కాశీరావు స్టూలు కింద ఉన్న తన క్యారేజీ అందుకున్నాడు. విప్పబోయి ఆగి, ఆమెను చూశాడు.

"లోపల ఇంకా కడిగేవాళ్ళు ముగ్గురున్నారు. నేనూ ఆ షెడ్డులో కూర్చుని తినొస్తాను. అందాకా మీరు ఇక్కడ కూర్చోండి," అన్నాడు.

అతను వెళ్ళడం చూసి శాలిని పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చింది. నజీమా స్టూలు మీద కూర్చుని, అతను ఆనించినచోటే తలుపు మీద చెయ్యి ఆనించింది. రేకు చల్లగా ఉంది. చెవులు రిక్కించి కూర్చుంది. అరగంటసేపు ఏ చప్పుడూ రాలేదు. రానికొద్దీ ఆమె తలుపుకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. కాశీరావు తిరిగివచ్చి స్టూలు కోసం ఎదురుగా నిలబడ్డాడు. ఆమె లేచింది. అతను కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు తెరిచేసరికి నజీమా మెట్ల మీద ఉంది. పదకొండేళ్ళ రిపోర్టులన్నీ కంప్యూటర్లో తీసి, 'వెనక తలుపు', 'తాళం' అన్న మాటల కోసం వెతికింది. ఇరవై ఆరు రిపోర్టులు బయటపడ్డాయి. రైసు మిల్లులు, మందుల గోడౌన్లు, ఒక బాణసంచా దుకాణం, ఒక ఆడపిల్లల హాస్టలు. ఇరవై ఆరింటిలోనూ తాళానికి హై అని రాసి ఉంది. తోస్తే తెరుచుకునే తలుపు గురించి పంతొమ్మిదింటిలో మీడియం అని ఉంది. ఏడింటిలో అసలు ఆ ఊసే లేదు.

జయపాల్ ఆమె వెనక నిలబడి తెర మీది జాబితా చదివాడు. "అవి ముగిసిపోయిన ఫైళ్ళు నజీమా. ఇప్పుడు ఫోన్లు చేస్తే మన తప్పు మనమే ఒప్పుకున్నట్టవుతుంది."

"అవుతుందండీ," అంది. ఫోను అందుకుంది.

ఆ ఏడింటితో మొదలుపెట్టింది. మొదటి నంబరు పనిచేయలేదు. రెండోది మంగళగిరిలో చేనేత చీరల గోడౌను. సూపర్‌వైజరు పవన్‌కుమార్ ఎత్తాడు. ఆమె తనెవరో చెప్పి, నాలుగేళ్ళ కిందట రాసిన రిపోర్టు గుర్తుచేసింది.

"ఆ, ఉందండీ. మీరు చెప్పినట్టే వెనక తలుపుకు అప్పట్నుంచీ తాళమేనండీ. ఒక్క చీర పోలేదు," అన్నాడు సంబరంగా.

"ఇప్పుడు లోపల మనుషులున్నారా?"

"పైన మడతలు పెట్టే ఆడవాళ్ళున్నారండీ. పాతిక మంది దాకా."

"తాళం వేసే ఉందా?"

"వేసే ఉందండీ."

"ఇప్పుడే వెళ్ళి తీసేయండి. మళ్ళీ వేయొద్దు. తోస్తే తెరుచుకునే తలుపు ఎక్కడ దొరుకుతుందో నేను చెబుతాను. ముందు వెళ్ళి తాళం తీయండి."

"ఇప్పుడేనా అండీ? చెవి ఎక్కడ పెట్టామో చూడాలి. అది తన దగ్గర ఉంచుకునేవాడు టీకి వెళ్ళినట్టున్నాడు."

"వెతకండి పవన్‌కుమార్ గారూ. ఫోను పెట్టేయకండి. నేను లైన్లోనే ఉంటాను."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడయింది. చెప్పుల అడుగులు దూరమయ్యాయి. ఎక్కడో ఫ్యాను తిరుగుతోంది. పై అంతస్తులోంచి కాబోలు, ఆడవాళ్ళు దేనికో పెద్దగా నవ్వారు. నజీమా ఫోను చెవికి ఇంకాస్త గట్టిగా అదిమిపట్టుకుని, అతను తిరిగి వచ్చేదాకా అలాగే కూర్చుంది.